మంచు కరిగాక కనిపించిన ఊరు

“మాకు స్కీయింగ్ రాదు. మరి ఇక్కడేం చెయ్యాలి?”

ఏడాది పాటు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పి జీతం తీసుకున్నాను. అమెరికాలో కొలరాడో రాష్ట్రం, బ్రెకెన్‌రిడ్జ్ అనే కొండ ఊరు, అందులో ఒక హోటల్ ఫ్రంట్ డెస్క్. 2018 నవంబరులో వెళ్లి 2019 నవంబరులో తిరిగొచ్చాను. హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్లకి ట్రైనింగ్ పేరుతో జె-1 వీసా ఇస్తారు. నాకిచ్చింది 12 నెలలు. ఒక్కో కాలాన్నీ ఒక్కోసారి చూపించి, మళ్లీ మొదటిది రాగానే విమానం ఎక్కించేశారు.

మొదటి నాలుగైదు నెలలు ఆ ప్రశ్నకి నాకూ జవాబు తెలీదు. డెస్క్ మీదున్న కరపత్రం చూసి చదివేసేవాణ్ని.

ఊరి గురించి ముందు ఒక అంకె చెప్పాలి. 9,600 అడుగులు. అది కొండ ఎత్తు కాదు, బజారు వీధి ఎత్తు. డెన్వర్ నుంచి వచ్చే వ్యాను పదకొండు వేల అడుగుల దగ్గర ఐసెన్‌హోవర్ సొరంగంలో దూరి అవతలికి వచ్చేసరికి, నా బ్యాగులో చిప్స్ ప్యాకెట్ బూరెలా ఉబ్బిపోయింది. ఇంటికెళ్లి షాంపూ సీసా మూత తీస్తే సగం చొక్కా మీదికి చిమ్మింది. సూట్‌కేసు రెండో అంతస్తుకి మోసి, తలుపు తీసే ఓపిక లేక మెట్ల మీదే కూలబడ్డాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు.

ఆ సూట్‌కేసులో అమ్మ పోరు పడలేక తెచ్చిన 3 లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఉంది. అమెరికాకి కుక్కరేంటని సిగ్గుపడి దాన్ని బట్టల కింద దాచాను. మొదటి రోజు గిన్నెలోనే అన్నం వండాను. నీళ్లు తెగ మరుగుతున్నాయి, బియ్యం మాత్రం బియ్యంలాగే ఉన్నాయి. ఆ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకి మించి వేడెక్కవు. ఇక పప్పు సంగతి చెప్పక్కర్లేదు. మర్నాడు కుక్కర్ బయటికి తీశాను. అమ్మకి ఫోన్ చేసి చెప్పలేదు, చెబితే నా మీద గెలిచినట్టే కదా.

ఇల్లు హోటల్ వాళ్లు ఇచ్చిందే, అద్దె జీతంలో పట్టుకునేవారు. మొత్తం ఆరుగురం. ఆ ఊళ్లో పనిచేసేవాళ్లకి ఇల్లు దొరకడం సీటు దొరకడం లాంటిది, అందుకని ఎవరూ నోరెత్తరు. డిసెంబరులో పెరూ నుంచి కాలేజీ కుర్రాళ్లు దిగారు. వాళ్లకి అప్పుడు వేసవి సెలవులు, మూడు నెలలు పని చేసుకుని మార్చిలో వెళ్లిపోతారు. వాళ్లలో ఒకడిది కుస్కో. నేను మెట్లెక్కి రొప్పుతుంటే చూసి, మా ఊరు దీనికన్నా ఎత్తు, ఇక్కడికొస్తే నాకు కొండ దిగినట్టుంది అని నవ్వాడు. కుక్కర్‌ని చూసి ఆశ్చర్యపోనివాడు ఆ ఇంట్లో వాడొక్కడే. వాళ్ల అమ్మ దగ్గరా ఉందట, కూత మాత్రం వేరేలా ఉంటుందట. మిగతావాళ్లు మొదటి విజిల్‌కి వంటింట్లోంచి పరిగెత్తారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం కుస్కో వాడు అందులో చిక్కుళ్లు ఉడికించేవాడు, మిగతా ఆరు రోజులూ నా పప్పు.

ట్రైనింగ్ ప్లాన్ అని ఒక కాగితం ఇచ్చారు. మూడు నెలలకో డిపార్ట్‌మెంటు చొప్పున తిప్పుతామని అందులో రాసి ఉంది. తిప్పలేదు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నైట్ షిఫ్టే, రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఏడు. అడిగితే సీజన్ అయ్యాక చూద్దాం అన్నారు. కోపం వచ్చింది కానీ, రాత్రి డ్యూటీ వల్ల ఆ ఊళ్లో చాలామంది చూడనిది ఒకటి చూశాను. అర్ధరాత్రి దాటాక కొండ మీద దీపాలు పాకుతుంటాయి. యుద్ధ ట్యాంకుకుండేలాంటి పట్టీ చక్రాలున్న పెద్ద బళ్లు, ‘స్నోక్యాట్’ అంటారు, రాత్రంతా ఏటవాలు మీద ఎక్కుతూ దిగుతూ పగలు తొక్కేసిన మంచుని మళ్లీ సాపు చేస్తాయి. డెస్క్ దగ్గర నుంచి చూస్తే నక్షత్రాలు రెండేసి చొప్పున దారి తప్పి తిరుగుతున్నట్టు ఉండేవి. తెల్లారేసరికి కొండంతా సన్నటి చాళ్లు, దుక్కి దున్నినట్టు. ఆ చాళ్ల మీద మొదట జారడం కోసం ఏడింటికల్లా బూట్లు బిగించుకుని లాబీలో నిలబడేవాళ్లు పెద్దపెద్ద లాయర్లూ డాక్టర్లూ, బడి మొదటి రోజు పిల్లల్లాగా. ఎక్కువ మంచు పడిన రాత్రి తర్వాత పొద్దున్నే ఢాం ఢాం అని మోతలు. మొదటిసారి వాకిట్లోకి పరిగెత్తాను. హిమపాతం, అంటే కొండ మీది మంచు చరియ, తనంతట తాను విరిగి పడకుండా ముందే పేల్చి దించేస్తారని అప్పుడు తెలిసింది.

నేను స్కీయింగ్ నేర్చుకున్నాను, నేర్చుకోలేదని కాదు. పచ్చ గుండ్రం తేలిక దారి, నీలం చదరం మధ్యరకం, నల్ల వజ్రం గుర్తుంటే అటు చూడకూడదు. ఆగాలంటే రెండు స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి పిజ్జా ముక్క ఆకారం చెయ్యాలి. ఇదంతా ఒక గంటలో చెప్పేస్తారు. చెప్పనిది ఏంటంటే, కుర్చీ లిఫ్టు దిగేచోట అది ఆగదు. కదులుతుండగానే లేచి జారిపోవాలి. నేను లేచాను, జారలేదు, పడ్డాను. నా మీద ఇంకొకాయన పడ్డాడు. లిఫ్టు ఆపారు. వెనకాల గాల్లో వేలాడుతున్న కుర్చీలన్నీ నావైపే చూస్తున్నాయి. ఐదారేళ్ల పాప ఒకతి నా స్కీ తెచ్చిచ్చి, ఫర్వాలేదు, నేను చిన్నప్పుడు నాకూ ఇలాగే అయ్యేది అంది.

మార్చికల్లా పచ్చ గుండ్రాల మీద పడకుండా దిగగలిగాను. ఆ కొండ మీద అన్నిటికన్నా పై లిఫ్టు, ఇంపీరియల్ ఎక్స్‌ప్రెస్, 12,840 అడుగుల దాకా తీసుకెళ్తుంది. అక్కడికి నేను వెళ్లలేదు. ఆ విద్య నాకు అబ్బలేదంతే. ఆ సంగతి అక్కడ పైకి చెబితే, గుడికి వెళ్లి దేవుడంటే ఇష్టం లేదన్నట్టు చూస్తారు.

చలికాలంలో నాకు గుర్తున్నది వేరే. జనవరిలో అక్కడ మంచు శిల్పాల అంతర్జాతీయ పోటీ జరుగుతుంది. ముందుగా నది పక్కనున్న ఖాళీ స్థలంలో 12 అడుగుల ఎత్తు చెక్క పెట్టెలు నిలబెట్టి, వాటిని మంచుతో నింపుతారు. ఒక్కో దిమ్మ ఇరవై టన్నుల పైమాటే. యంత్రం పైనుంచి మంచు పోస్తుంటే లోపల మనుషులు దిగి కాళ్లతో తొక్కి గట్టిపరచాలి. ఊరివాళ్లే వచ్చి తొక్కుతారు. నైట్ షిఫ్టు దిగి నేనూ వెళ్లాను. ఇటుకల బట్టీ దగ్గర మట్టి తొక్కడం చూసినవాళ్లకి కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. ఎనిమిది మందిమి భుజాలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ తొక్కాం. మంచు పెరిగేకొద్దీ మేమూ పైకి లేస్తున్నాం. గంటకి నా తల పెట్టె అంచు దాటి బయటికొచ్చింది, వీధి కనిపించింది.

తర్వాత రకరకాల దేశాల టీములు వచ్చి ఆ దిమ్మల్ని చెక్కుతాయి. కరెంటుతో నడిచే పనిముట్టు ఏదీ వాడకూడదు. లోపల ఊతంగా ఇనప చువ్వ పెట్టకూడదు, రంగు వెయ్యకూడదు. రంపాలు, కోళ్లగూడు వల, కూరగాయల తొక్క తీసే పీలర్, అంతే. చివరి రాత్రి చాలామంది నిద్రపోరు. మూడింటికి బ్రేక్ తీసుకుని చూడ్డానికి వెళ్లాను. మైనస్ ఇరవై ఉంటుందేమో, నుదుటికి లైట్లు కట్టుకుని చెక్కుతున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. కొబ్బరి కోరుతున్న చప్పుడు, అంతే. నేను చూస్తుండగానే ఒక బొమ్మ చెయ్యి మోచేతి దగ్గర విరిగి పడింది. చెక్కుతున్నావిడ నిచ్చెన మీదే కాసేపు అలా నిలబడి, కిందికి దిగి, టీ తాగి, మళ్లీ ఎక్కి ఆ మోచెయ్యిని కొంగలా ముడిచిన రెక్కగా మార్చేసింది. తెల్లారాక చూసినవాళ్లకి అది మొదటినుంచీ రెక్కే. వారం రోజులుంచి ఆ బొమ్మలన్నీ కూల్చేస్తారు. కూల్చేటప్పుడు మాత్రం వెళ్లలేదు.

2019 మార్చి మొదటివారంలో మంచు ఆగకుండా పడింది. పక్క లోయలో, ఫ్రిస్కోకీ కాపర్ మౌంటెన్‌కీ మధ్య, హిమపాతాలు హైవే మీదికి వచ్చేశాయి. ఐ-70 మూసేశారు. వచ్చేవాళ్లు రాలేదు, వెళ్లాల్సినవాళ్లు వెళ్లలేదు. ఫ్లైటు మిస్సయినవాళ్లందరికీ ఆ మంచు కురిపించింది నేనే అన్నట్టుండేది. ఆ ఊళ్లో పాతకాలం వాళ్లని కదిపితే ఇంకో చలికాలం కథ చెబుతారు. 1898-99లో రైలు ఆగిపోయి ఊరు 79 రోజులు బయటి ప్రపంచంతో తెగిపోయిందట. వీధికి ఇవతల నుంచి అవతలికి మంచులో సొరంగాలు తవ్వుకుని నడిచారట. కోపంగా ఉన్న ఒకాయనకి ఈ కథ చెప్పి ఓదార్చబోయాను. ఆయన మేనేజర్ని పిలవమన్నాడు.

ఏప్రిల్లో పెరూ కుర్రాళ్ల మంచాలు ఖాళీ. కొండమీద లిఫ్టులు ఆ ఏడు మేలో కూడా తిరిగాయి గానీ, ఊరు మాత్రం ఏప్రిల్ దాటేసరికి చప్పబడింది. దీన్ని వాళ్లు ‘మడ్ సీజన్’ అంటారు, బురద కాలం. హోటళ్లు సగం మూసి రంగులేయించుకుంటాయి. రెస్టారెంట్ల తలుపులకి ‘జూన్‌లో కలుద్దాం’ అని కాగితాలు. ఊరివాళ్లు ఎండ కోసం యూటా ఎడారులకి పోతారు. ఆ రోజుల్లో ఎవరైనా డెస్క్ దగ్గరికొచ్చి ఇక్కడేం చెయ్యాలి అని అడిగితే, మాలో ఒకావిడ “రెండు నెలలాగి రండి” అనేది.

నాకు ఆ ఊరు పరిచయమైంది మాత్రం ఆ బురదలోనే. అప్పటిదాకా నేను చూసింది తెల్లగా కప్పిన ఒక సెట్టింగు. మంచు తగ్గేకొద్దీ కింద ఏముందో బయటపడుతూ వచ్చింది. ముందు చేతి తొడుగులు, ఒంటి చెప్పులు, ఒక స్కీ కర్ర. తర్వాత నది పొడుగునా గుట్టలు గుట్టలుగా గుండ్రాళ్లు. చలికాలమంతా అవి అందమైన మంచు దిబ్బలనుకున్నాను. అవి బంగారం కోసం నదిని తవ్విపోసిన గుట్టలు. నీళ్ల మీద తేలే పెద్ద యంత్రాలు 1942 దాకా ఆ లోయ అడుగుని పైకీ, పైదాన్ని కిందికీ తిరగేశాయి. రాళ్లు అలాగే ఉండిపోయాయి.

అక్కడ ఊరు పుట్టిందే 1859లో బంగారం కోసం. స్కీయింగ్ వచ్చింది 1961 చివర్లో, అంటే వందేళ్ల తర్వాత. 1887లో టామ్ గ్రోవ్స్ అనే గని కార్మికుడికి పదమూడు పౌన్ల పైచిలుకు బంగారు ముద్ద దొరికితే, దాన్ని దుప్పట్లో చుట్టి చంటిపిల్లలా ఎత్తుకుని ఊరంతా చూపించాడట. ‘టామ్స్ బేబీ’ అని పేరు. మెయిన్ స్ట్రీట్‌లో ఆ బొమ్మ ఉంది. నాలుగు నెలలుగా ప్రయాణికులకి దారి చెప్పేటప్పుడు ‘ఆ విగ్రహం దగ్గర ఎడమకి తిరగండి’ అనేవాణ్ని గానీ చేతుల్లో ఏముందో ఒక్కసారీ చూడలేదు.

ఆ బురదరోజుల్లోనే ఒక సాయంత్రం వాన తప్పించుకోడానికి బార్నీ ఫోర్డ్ ఇంట్లోకి దూరాను, ఇప్పుడది మ్యూజియం. ఫోర్డ్ 1822లో బానిసగా పుట్టి, తప్పించుకుని, 1860లో బంగారం వెతుక్కుంటూ ఈ కొండల్లోకి వచ్చాడు. నల్లవాడు గని హక్కు రాయించుకోకూడదని దొరికింది కూడా లాగేసుకున్నారు. గనిని వదిలేసి వండి పెట్టడం మొదలుపెట్టాడు. డెన్వర్లో, షయెన్‌లో హోటళ్లు కట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ బ్రెకెన్‌రిడ్జ్ వచ్చి రెస్టారెంట్ తెరిచి, 1882లో ఈ ఇల్లు కట్టుకున్నాడు. ఇంటికి వంటిల్లు లేదు. భోజనం రెస్టారెంట్ నుంచి వచ్చేది. నైట్ షిఫ్టు చేసి, హోటల్ క్యాంటీన్లో తిని, ఇంటికెళ్లి పడుకునే నాకు ఆ వంటిల్లు లేని ఇంట్లో నిలబడితే ఎవరో మా వృత్తిలో పెద్దాయన్ని కలిసినట్టు అనిపించింది. ఆ తర్వాత వానపడితే అందరినీ అక్కడికే పంపేవాణ్ని.

మేలో డే షిఫ్టుకి మార్చారు. మంచు పోయిందనుకున్నాం, జూన్ మూడో వారంలో, సరిగ్గా వేసవి మొదలైన రోజుల్లో మళ్లీ పడింది. హాఫ్ చేతుల చొక్కాలతో వచ్చిన టెక్సస్ వాళ్లు లాబీలో వణుకుతూ ఫోటోలు తీసుకున్నారు.

సంతలాంటిదొకటి పెడితే పాత సైకిల్ కొనుక్కున్నాను. బ్రెకెన్‌రిడ్జ్ నుంచి ఫ్రిస్కో దాకా నది పక్కనే తొమ్మిది మైళ్ల పైన సైకిల్ దారి, దాదాపు అంతా దిగుడే. వచ్చేటప్పుడు ఉచిత బస్సు, ముందు సైకిలు తగిలించుకునే స్టాండు. అంటే ఎక్కుడు లేని సైక్లింగ్. మా సూపర్‌వైజర్ దాన్ని మోసం అనేవాడు. నేను మాత్రం సెలవు రోజు రెండుసార్లు దిగేవాణ్ని. ఒకసారి ఫ్రిస్కో దాటి పైనున్న లోయలోకి తొక్కాను. మార్చిలో హైవేని మూయించిన హిమపాతాలు దిగినచోటు. కొండవాలు మీద వందల చెట్లు, కొసలన్నీ ఒకేవైపుకి, కోసి పరిచిన వరి పనల్లాగా పడున్నాయి. మేనేజర్ని పిలవమన్న ఆ పెద్దమనిషిని తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలనిపించింది.

ఇంకో ప్రశ్న ఉండేది డెస్క్‌లో. “ట్రోల్ ఎక్కడ?” థామస్ డాంబో అని డెన్మార్క్ శిల్పి, పాత చెక్కలతో పెద్ద పెద్ద రాక్షసుల బొమ్మలు చేస్తాడు. 2018 వేసవిలో ఇక్కడ పదిహేను అడుగులది ఒకటి కట్టాడు, పేరు ఐజాక్ హార్ట్‌స్టోన్. జనం విరగబడ్డారు. ఆ బొమ్మ పక్కన ఇళ్లున్నవాళ్లకి రోజూ తిరనాళ్లే. గొడవపడితే నేను వెళ్లిన నవంబరులోనే దాన్ని తీసేశారు. ఆర్నెల్లు ‘లేదండీ, తీసేశారు’ అని చెప్పి చెప్పి నాకే ఆ రాక్షసుడి మీద బెంగ పట్టుకుంది. వేసవికి ఐస్ రింక్ వెనక అడవిలో మళ్లీ కట్టారు. మొదటి వారమే వెళ్లి చూశాను. కాళ్లు చాపుకుని చిన్నపిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

అక్కడివాళ్లు చలికాలం కోసం వచ్చాం, వేసవి చూసి ఉండిపోయాం అంటుంటారు. జూలైలో ఆ మాట నిజమే అనిపిస్తుంది. పాత స్కీ దారుల మీద నీలం తెలుపు కొలంబైన్ పూలు. దేశం నలుమూలల నుంచి ఎంపికై వచ్చిన కుర్ర వాద్యకారుల ఆర్కెస్ట్రా, వయొలిన్ పెట్టెలు భుజాన తగిలించుకుని రబ్బరు చెప్పులతో కాఫీ కోసం క్యూలో. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఉరుములు, మూడున్నరకి మళ్లీ ఎండ. ఒకసారి ఇంటి వాకిట్లో దుప్పి ఒకటి, మూస్ అంటారు, గుర్రమంత ఎత్తుంది, అడ్డంగా నిలబడి కదలకపోతే డ్యూటీకి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. కారణం రాయమంటే మూస్ అని రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆగస్టులో ఒక తెలుగు కుటుంబం దిగింది. పొద్దున్నే కొడుకూ కోడలూ పిల్లలతో రాఫ్టింగ్‌కి వెళ్లిపోయారు. పెద్దవాళ్లిద్దరూ లాబీలో సోఫా మీద, చేతిలో మంచినీళ్ల సీసాలతో. ఆవిడ ఆయనతో, మెల్లగా, “మంచన్నాడు, ఏదీ?” అంది. పదినెలల తర్వాత ఎదురుగా వినపడ్డ తెలుగు అది. వెళ్లి పలకరించాను. మూడింటికి నా డ్యూటీ అయ్యాక ఇద్దర్నీ గొండోలా ఎక్కించాను. అది ఉచితం, ఊళ్లోంచి పీక్ 8 అనే కొండ మొదలు దాకా వెళ్తుంది. కింద చిత్తడి నేల, బీవర్లు కట్టిన మడుగులు. ఆవిడ కొండవైపు చూసి, “అదేంటి నాయనా, కొండకి పాపిళ్లు తీశారు?” అంది.

చెట్లు కొట్టేసిన స్కీ దారులమ్మా, చలికాలం వాటి మీద జారతారు అన్నాను.

“ఎవరు దువ్వారో గానీ అన్నీ వంకర్లే.”

ఆయన మాత్రం కింద వాగువైపు చూస్తున్నారు. ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారట. “ఏమయ్యా, ఈ మంచంతా కరిగితే నీళ్లెటు పోతాయి?” అని అడిగారు. అంతమంది అతిథుల్లో నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆయనొక్కరే. సంతోషంగా చెప్పాను. బ్లూ రివర్ ఉత్తరానికి పారి డిల్లన్ చెరువులో పడుతుంది. 1963లో ఆనకట్ట పూర్తయింది, పాత డిల్లన్ ఊరున్న చోటు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. ఆ నీళ్లలో కొన్నిటిని 23 మైళ్ల సొరంగంలో కొండల కిందుగా అవతలికి, డెన్వర్ వైపు తిప్పారు.

“పంపులా, వాలా?”

“వాలేనండీ.”

ఆయన కాసేపు లెక్కేసుకున్నారు. తర్వాత భార్యతో, “చూశావా, వీడు నయాగరా తిప్పాడు, వేగస్ తిప్పాడు, ఇది చెప్పాడా?” అన్నారు.

పైకి వెళ్లేసరికి ఉరుములు మొదలై గొండోలా ఆపేశారు. మెరుపులుంటే అంతా ఆపేస్తారు, అరగంట అయినా గంట అయినా. చూరు కింద నిలబడ్డాం. వాన తగ్గాక కోస్టర్ మళ్లీ తిప్పడం మొదలుపెట్టారు, పట్టాల మీద చిన్న బండి, కొండ పైనుంచి చెట్ల మధ్యగా మెలికలు తిరుగుతూ దిగుతుంది. ఆవిడ దానివైపే చూస్తున్నారు. ఆయన వద్దన్నారు, బీపీ అన్నారు. ఆవిడ చుడీదార్ చున్నీ నడుముకి ముడేసుకుని, “ఈ అబ్బాయి ఉన్నాడుగా” అని వరసలో నిలబడ్డారు. ఇద్దరం ఒకే బండిలో, ఆవిడ ముందు, నేను వెనక, బ్రేకు నా చేతిలో. మొదటి మలుపులో భయపడి బ్రేకు పట్టాను.

“బ్రేకు వెయ్యకు నాయనా.”

వెయ్యలేదు. కింద ఆయన ఇంకా టికెట్ల అమ్మాయిని సొరంగం వెడల్పు ఎంతని అడుగుతున్నారు.

సెప్టెంబరు చివరికి ఆస్పెన్ చెట్లు పచ్చబడ్డాయి, పసుపుపచ్చ. మన రావి ఆకుకి పొడుగాటి తొడిమ ఉండి గాలి లేకపోయినా కదులుతుంది కదా, ఆస్పెన్ ఆకుదీ అదే గుణం. తొడిమ బల్లపరుపుగా ఉంటుంది. గాలి రాకముందే వణుకుతుంది. ఒక తోపులో చెట్లన్నీ చాలాసార్లు ఒకే వేరు నుంచి లేచినవే, అందుకని ఒక తోపు ఒకేసారి పసుపవుతుంది, పక్క తోపు ఇంకా ఆకుపచ్చగానే ఉంటుంది. బోరియస్ పాస్ రోడ్డు మీద, 11,481 అడుగుల దాకా, పాత రైలు కట్ట అది, 1937 దాకా రైలు నడిచింది, ఆ రోడ్డు మీద ఆ రెండు వారాలూ డెన్వర్ మొత్తం కార్లేసుకుని వచ్చేస్తుంది. నేను సోమవారం పొద్దున్నే సైకిలు తోసుకుంటూ వెళ్లాను, తొక్కలేక. ఒకచోట ఆగి కూర్చుంటే చుట్టూ చప్పట్లలా ఆకుల చప్పుడు. ఆ ఊరి గురించి ఇంకేదీ గుర్తులేకపోయినా ఫర్వాలేదు.

నవంబరులో మొదటి మంచుకి నా వీసా అయిపోయింది. కుక్కర్ తెచ్చుకోలేదు. అలమరలో పెట్టి, మూతకి ఒక కాగితం అంటించాను: అన్నానికి మూడు, పప్పుకి ఆరు, చిక్కుళ్లకి కుస్కో వాణ్ని అడగండి. కుస్కో వాడు రెండో చలికాలం కూడా అదే ఇంటికి వచ్చాడు. జనవరిలో మెసేజ్ పెట్టాడు, గాస్కెట్ పోయింది, ఇక్కడ ఎక్కడా ఈ సైజు లేదని. రెండు కొని కొరియర్ చేశాను. గాస్కెట్ల కన్నా కొరియర్‌కి ఎన్నో రెట్లయింది.

అవి చేరిన కొన్నాళ్లకి, 2020 మార్చి మధ్యలో, కోవిడ్‌తో లిఫ్టులన్నీ ఆపేశారు. అదే వారంలో పెరూ సరిహద్దులు మూసేసింది. ఎప్పుడూ మార్చిలో వెళ్లిపోయేవాడు వెళ్లలేకపోయాడు. ఏప్రిల్ చివర్లో ఒక ఫోటో పంపాడు. ఖాళీ వీధి, బురద, నది పక్కన బయటపడ్డ గుండ్రాళ్ల గుట్టలు. కింద ఇలా రాశాడు: “మంచు అయిపోయింది. ఇక్కడేం చెయ్యాలి?”

సైకిలు గరాజ్‌లోనే ఉంది, ముందు చక్రానికి గాలి కొట్టు, బ్రేకు ఎడమది పనిచెయ్యదు అని రాశాను.